తుంగను పీకితే పోదు, మందు కొట్టినా పోదు

తుంగ మొలకను పట్టుకుని పైకి లాగితే పుటుక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. చేతిలోకి పచ్చటి ఆకులు, వాటి అడుగున తెల్లటి మెడలాంటి ముక్క వస్తాయి. గడ్డ రాదు. అది బెత్తెడు లోతులో అలాగే ఉండిపోతుంది. నాలుగైదు రోజులకల్లా అదే చోట సూదిమొనలాంటి కొత్త మొలక లేస్తుంది. మా పెరట్లో పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పున్న ఒక్క మడిలోనే ఈ చప్పుడు రెండేళ్లపాటు కొన్ని వేలసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ కలుపు తీస్తున్నాననే అనుకున్నాను.

ఇప్పుడు ఆ మడిలో బెండ, వంగ, గోంగూర బాగా పెరుగుతున్నాయి. తుంగ పూర్తిగా పోయిందని చెప్పను. అక్కడక్కడా ఇంకా వస్తూనే ఉంది. కానీ మొక్కల తిండి లాక్కునేంత బలం దానికి లేదు. ఇక్కడిదాకా రావడానికి పట్టిన కాలంలో నాకు ఒక మాట గట్టిగా కుదిరింది. ఇంటి పెరట్లో, మనం తినే కూరలు పండే మడిలో, తుంగకు కలుపు మందు కొట్టకూడదు. ఆరోగ్యం సంగతి పక్కన పెట్టినా సరే, దానివల్ల అనుకున్న పని జరగదు. ఎందుకు జరగదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. పెరటి తోట పెట్టిన వాళ్లలో చాలామంది రెండో ఏడాదికి విసిగిపోయి మడి మీద సిమెంటు పోయించడం, లేకపోతే మందుల కొట్టుకు వెళ్లి డబ్బా తెచ్చుకోవడం నా కళ్లతో చూశాను. ఆ రెంటికీ ముందు ఇంకో దారి ఉంది.

మాది తెనాలి దగ్గర. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో అందరిలాగే మేమూ తోట మొదలుపెట్టాం. మా స్థలంలో ఉన్నది నల్లమట్టి. వానొస్తే బంక, ఎండొస్తే నెర్రెలు. అందుకని కాలవ పూడిక తీసిన మట్టి ఒక ట్రాక్టరు తోలించాం. మట్టి చూడటానికి ఎంత బాగుందో! పిడికిట్లో పట్టుకుంటే మెత్తగా ఉండేది, వదిలితే పొడిపొడిగా రాలేది. దాంట్లో అక్కడక్కడా కుంకుడు గింజంత నల్లటి ఉండలు కనిపించాయి. రాళ్లనుకున్నాం. అవన్నీ తుంగ గడ్డలు.

మా అత్తగారిది దుగ్గిరాల వైపు. పసుపు చేలల్లో ఏళ్ల తరబడి కలుపు తీసిన మనిషి. పసుపు దాదాపు తొమ్మిది నెలల పంట. మొదట్లో మొక్క నిదానంగా లేస్తుంది, ఆ లోపల కలుపు కమ్మేస్తుంది. అందుకే అక్కడి ఆడవాళ్లకు తుంగ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. మా మడిలో మొదటి మొలకలు చూడగానే ఆవిడ కూర్చుని, ఒకదాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టి తిప్పి, “అమ్మాయ్, ఇది గడ్డి కాదు, తుంగ. ఆకు పీక్కుంటూ కూర్చోకు, గడ్డ తీయాలి” అన్నారు. అప్పట్లో నాకు ఆ తేడా తలకెక్కలేదు.

మీరూ ఒకసారి తిప్పి చూడండి. గడ్డిజాతి మొక్క కాడ గుండ్రంగా ఉంటుంది, కణుపులు తగులుతాయి. తుంగ పూకాడ మూడు పలకలుగా ఉంటుంది. వేళ్ల మధ్య తిప్పితే అంచులు తెలుస్తాయి. కణుపులుండవు. ఆకులు నిగనిగలాడుతూ మూడు వరసల్లో వస్తాయి. ఈ తేడా తెలియకపోతే డబ్బులు కూడా వృథా అవుతాయి. గడ్డిజాతి కలుపును మాత్రమే చంపే మందులు అమ్ముతారు. అవి తుంగను ఏమీ చేయవు, ఎందుకంటే అది గడ్డే కాదు.

1977లో లీరాయ్ హోమ్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆయన సహచరులు కలిసి ప్రపంచమంతటి కలుపు మొక్కల వివరాలు పోగేశారు. రైతును ఎక్కువగా ఏడిపించేది ఏదని చూస్తే మొదటి స్థానం తుంగకు వచ్చింది. రెండోది గరిక. ఆ రెండూ మన పెరట్లలో పక్కపక్కనే ఉంటాయి. కాబట్టి మీ మడి బాగుపడటం లేదంటే అది మీ చేతకానితనం కాదు. మీకు దొరికిన ప్రత్యర్థి అలాంటిది.

దాని బలమంతా మట్టి కింద ఉంది. ఒక గడ్డ నుంచి సన్నటి వేరులాంటి తీగ బయల్దేరుతుంది, కొంతదూరం పోయి ఇంకో గడ్డ వేస్తుంది. అక్కణ్ణుంచి మళ్లీ తీగ, మళ్లీ గడ్డ. పూసలు గుచ్చినట్టు గొలుసు. ఎక్కువ గడ్డలు పైన ఉన్న జానెడు మట్టిలోనే ఉంటాయి. కొన్ని ఇంకా కిందికి దిగుతాయి. ఆ గొలుసులో చివర ఉన్న గడ్డ మొలిస్తే మిగతావి చాలావరకు మొలవకుండా ఊరుకుంటాయి. అవి చచ్చినవి కావు, వాటి వంతు కోసం ఎదురుచూస్తుంటాయి. గొలుసు తెగిందా, ఇక ఏ గడ్డకా గడ్డ విడిగా లేస్తుంది.

మేము చేసిన పెద్ద తప్పు ఇక్కడే ఉంది. విసుగొచ్చి, ఒక కూలి మనిషిని పెట్టి గునపంతో మడంతా తిరగేయించాం. వానాకాలం, తడి మట్టి. ఆ రోజు సాయంత్రం మడి ఎంతో శుభ్రంగా కనిపించింది. పది రోజుల తర్వాత చూస్తే అంతకు ముందు వంద మొలకలున్న చోట లెక్కపెట్టలేనన్ని. నేలలో నిద్రపోతున్న గడ్డలన్నిటినీ మేమే విడగొట్టి, నీళ్లు పోసి లేపాం. తడిలో తవ్వితే తుంగకు మేలు చేసినట్టే. తవ్వడం తప్పు కాదు, తవ్విన కాలం తప్పు.

ఆ తర్వాత ఏడాది మా పక్కింటివాళ్లు గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టించారు. వాళ్ల ప్రహరీ వెంబడి తుంగ మోకాలెత్తు ఉండేది. మందుల కొట్టువాళ్లు ఎక్కడ కొడతారు, ఏ పంటలో కొడతారు అని ఒక్కమాట అడగకుండా డబ్బా ఇచ్చారట. వారం పది రోజుల్లో తుంగ పసుపు పచ్చగా మారి పడిపోయింది. మా ఆయన కూడా అది చూసి మనమూ కొట్టిద్దామా అన్నారు. ఇంతలో గాలికి ఇటు వచ్చిన తుంపర వల్ల ప్రహరీ పక్కనున్న మా కాకర పాదు చిగుళ్లు సన్నబడి, పాలిపోయి, ముడుచుకున్నాయి. పందిరంతా పాకాల్సిన తీగ అక్కడే ఆగిపోయింది. సరే, కాకర పోతే పోయింది. నెలన్నర తర్వాత వాళ్ల గోడ పక్కన మళ్లీ తుంగ. ముందున్నంత చిక్కగా కాదు కానీ, వచ్చింది.

ఎందుకు వచ్చిందో ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. గ్లైఫోసేట్ ఆకులోంచి లోపలికి దిగి, ఆ ఆకు వండిన తిండి కిందికి పోయే దారిలో గడ్డదాకా పోతుంది. మొలకెత్తి, ఆకుతో సంబంధం ఉన్న గడ్డను అది చంపగలదు. ఆకే లేని, నిద్రపోతున్న గడ్డకు అది చేరే దారి లేదు. అంటే మందు కొట్టినా మిగిలినవాటి కోసం మళ్లీ మళ్లీ రావాల్సిందే. మళ్లీ మళ్లీ రావడం తప్పనప్పుడు చేత్తోనే రావచ్చు కదా అన్నది నా వాదన.

చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. మన దేశంలో గ్లైఫోసేట్‌కు అనుమతి ఉన్నది తేయాకు తోటలకు, పంట లేని భూములకు మాత్రమే. బెండ మడికి లేదు, ఆకుకూరలకు లేదు. 2022 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు, అంటే పురుగు మందులు కొట్టడానికి లైసెన్సు ఉన్నవాళ్లు తప్ప వేరెవరూ వాడకూడదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆ మాటతో ఏకీభవించలేదు. ఆ వాదన తేల్చగలిగేంత చదువు నాకు లేదు. అది తేలేదాకా ఆగాల్సిన అవసరమూ నాకు కనిపించదు. పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే చోట, పొద్దున కోసి మధ్యాహ్నం వండుకునే గోంగూర పక్కన, అనుమతి లేని మందు కొట్టడానికి నాకు ఒక్క కారణం దొరకలేదు. పారాక్వాట్ అనే ఇంకో కలుపు మందు మాట ఎత్తితే నాకు భయమేస్తుంది. దానికి విరుగుడు లేదు. అలాంటి డబ్బా ఇంట్లో మెట్ల కింద పెట్టుకోవడమే ప్రమాదం.

ఇది రైతులకు చెబుతున్న మాట కాదు. ఎకరాల్లో చెరకు వేసినవాళ్లకు, కలుపు కూలీలు దొరకనివాళ్లకు లెక్క వేరు. చెరకులో తుంగ కోసమే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ అనే మందు ఉంది. వాళ్లు దాన్ని ఎంచుకుంటే దాని వెనక కూలి ఖర్చు, సీజను, అప్పు ఉంటాయి. నలభై చదరపు అడుగుల మడి ఉన్నవాళ్లకు ఆ ఇబ్బందులేవీ లేవు. పైగా మన మడిలో ఒకే పంట ఉండదు. బెండ పక్కన తోటకూర, దాని పక్కన పుదీనా. అన్నిటికీ పడే కలుపు మందు ఉండదు.

ఇంటి వైద్యాల వీడియోలు కూడా తక్కువ నష్టం చేయడం లేదు. ఉప్పు, వెనిగర్, గిన్నెలు తోమే సబ్బు కలిపి కొట్టమంటారు. వెనిగర్ ఆకును మాడుస్తుంది, గడ్డ జోలికి పోదు. ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది. సముద్రం దగ్గర ఊళ్లవాళ్లకు చౌడు నేల అంటే ఏమిటో తెలుసు. అలాంటి నేలను చేతులారా పెరట్లో తయారుచేసుకోవడం ఎందుకు? ఇది సహజమైన పద్ధతి కదా అనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మట్టికి చేసే నష్టం చూస్తే కొన్ని డబ్బా మందులకంటే ఉప్పే ఎక్కువ కాలం ఉంటుంది.

మరి నేనేం చేశాను? మూడో ఏడాది నుంచి మా అత్తగారు చెప్పినట్టు విన్నాను. ఆవిడ మాట చిన్నది. “గడ్డలో ఉన్నది ఖర్చు చేయించు. మళ్లీ దాచుకోనీయకు.”

ఆ మాటలో ఎంత శాస్త్రం ఉందో తర్వాత తెలిసింది. మొలక బయటికి వచ్చేటప్పుడు గడ్డలోని నిల్వ మీదే బతుకుతుంది. ఐదారు ఆకులు విచ్చుకున్నాక ఆకు వండిన తిండి కిందికి దిగడం మొదలవుతుంది. మూడు నాలుగు వారాలు వదిలేస్తే కొత్త గడ్డలు వేస్తుంది. అంటే ఆ లోపల దాన్ని తీసేస్తే గడ్డకు ఖర్చే తప్ప రాబడి ఉండదు. ఒక్కో గడ్డకు ఒకటికంటే ఎక్కువ కళ్లుంటాయి కాబట్టి మళ్లీ లేస్తుంది. మళ్లీ తీస్తే ఇంకాస్త నీరసపడుతుంది. రెండు నెలలకోసారి నడుం విరిగేలా పనిచేయడం కంటే పది రోజులకోసారి పావుగంట కూర్చోవడం ఎన్నో రెట్లు మేలు. నేను మొదటి రెండేళ్లూ చేసిన పని రెండో రకం కాదు. బాగా పెరిగి, గడ్డలు వేసుకున్నాక, చూడలేక పీకేదాన్ని.

అయితే ఆ నెమ్మది పనికి ముందు ఒక వేసవి కావాలి. మన పెద్దవాళ్లు వేసవి దుక్కి దున్నేది ఊరికే కాదు. తుంగ గడ్డకు చలి పడదు, నీడ పడదు, అన్నిటికంటే ఎండుపోత పడదు. తడి ఆరిపోతే గడ్డ చచ్చిపోతుంది. మార్చి చివరికల్లా మడిలో పంట అంతా తీసేశాను. నీళ్లు పూర్తిగా ఆపేశాను. ఏప్రిల్ మూడో వారానికి మట్టి ఎండి పెళ్లలు లేచింది. అప్పుడు గునపంతో అడుగు లోతుకు తవ్వి, పెళ్లలు చితక్కొట్టి, ఇసుక జల్లెడ పట్టాం. తాపీ పనివాళ్లు వాడే జల్లెడే. నలభై అడుగుల మడికి నాలుగు సాయంత్రాలు పట్టింది. జల్లెడ మీద మిగిలిన గడ్డలు చూసి నాకు నోట మాట రాలేదు. పెయింటు బకెట్టులో సగానికి పైగా వచ్చాయి. అవి మేడ మీద గచ్చున పరిచాం. రోళ్లు పగిలే రోహిణి కార్తె దాకా అక్కడే ఉన్నాయి.

మే మొదటి వారంలో మడి చదును చేసి, బాగా తడిపి, పైన పాలిథిన్ షీటు పరిచి, అంచులన్నీ మట్టిలో పూడ్చాం. గాలి లోపలికి పోకూడదు. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. నల్ల షీటు వేయకండి. తుంగ మొన సూదిలాంటిది. చీకట్లో ఆకు విచ్చుకోకుండా నిటారుగా పైకి వచ్చి షీటును పొడిచేసి బయటపడుతుంది. న్యూస్ పేపర్లు, అట్టపెట్టెలు కూడా పొడుస్తుంది. నేను వేసి చూశాను. అదే అవతలివైపు కనిపించే పలచటి షీటు వేస్తే వెలుతురు తగిలి ఆకు కిందే విచ్చుకుంటుంది, ఆ వేడికి అక్కడే మాడుతుంది. మధ్యాహ్నం రెండింటికి షీటు మీద చెయ్యి పెడితే పెట్టలేకపోయేదాన్ని. ఆరు వారాలు అలా ఉంచాం. లోతున ఉన్న గడ్డలకు ఈ వేడి చాలదు. ఆ ఏడాది వానలు పడ్డాక మొలకలు వచ్చాయి. కానీ అప్పటికి అవి లెక్కపెట్టగలిగేన్ని.

తొలకరికి కూరగాయలు వేయలేదు. ఆశ ఆపుకుని జనుము చల్లాను, చేలో వేసేదానికంటే చాలా ఒత్తుగా. తుంగకు నీడ అంటే సరిపడదు. జనుము నడుమెత్తు లేచేసరికి కింద మొలిచిన తుంగ పాలిపోయి, పొడుగ్గా, బలం లేకుండా కనిపించింది. పూత రాగానే కోసి మట్టిలో కలిపేశాం. ఆ తర్వాత చిలగడదుంప తీగ. నేలంతా కప్పేసే తీగ అది. ఈ రెండు పంటలకు పోయిన ఆరేడు నెలలూ నాకు అసలు నష్టంగా అనిపించలేదు. మట్టి బాగుపడింది, చిలగడదుంపలు కూడా తిన్నాం.

ఆ తర్వాతిదంతా పాత స్క్రూడ్రైవరు పని. దోకుడు పారతో గీకితే మొలక తెగుతుంది, గడ్డ ఉంటుంది. అందుకని మొలక పక్కనే స్క్రూడ్రైవరు నిలువుగా దించి, కాస్త వెనక్కి వంచి మట్టి వదులు చేస్తాను. అప్పుడు మొదలు పట్టుకుని నెమ్మదిగా తీస్తే తెల్లటి తీగతో సహా గడ్డ వస్తుంది. ఒక్కోసారి రెండు మూడు గడ్డలు వరసగా వస్తాయి. అప్పుడు కలిగే తృప్తి నిజంగా చెప్పలేను. నీళ్లు కూడా మడంతా పారించడం మానేశాను. మొక్క మొదట్లోనే పోస్తాను. ఖాళీ జాగా ఎండుగా ఉంటే తుంగకు సగం బలం పోతుంది. తీసిన గడ్డలు కంపోస్టులో వేయను. పచ్చి గడ్డ అక్కడ పడితే అక్కడే మొలుస్తుంది.

ఫోనులో పది రోజులకోసారి గుర్తుచేసేలా పెట్టుకున్నాను. ఊరెళ్లి ఇరవై రోజులు రాకపోతే వెంటనే తేడా కనిపిస్తుంది. అదే ఈ పద్ధతిలో కష్టం, దాచడం దేనికి? ఒళ్లు అలిసే కష్టం కాదు, వదలకుండా ఉండే కష్టం. “ఇంత టైమ్ ఎవరికుంది?” అని మా చెల్లెలు అడుగుతుంది. పక్కింటివాళ్లు ఏడాదికి రెండుసార్లు కొట్టించడానికి మనిషి కోసం, మందు కోసం, మంచి ఎండ కోసం చూసే టైముతో పోల్చు అంటాను. పైగా వాళ్లు ఇప్పటికీ కొట్టిస్తూనే ఉన్నారు.

ఒక విషయంలో మాత్రం నేను పూర్తిగా మారాను. మడిలో మనం వేయనిదల్లా కలుపే అని ఇప్పుడు అనుకోను. పాయలకూర వస్తే పప్పులోకి కోస్తాను. గలిజేరు కూడా అంతే. ప్రహరీ మూల ఒక తుమ్మి మొక్కను, కాస్త గరికను వదిలేశాను. వినాయక చవితికి గరిక కొనుక్కోనక్కర్లేదు. వరంగల్‌లో ఉన్న స్నేహితురాలు చెప్పింది, బతుకమ్మకు గునుగు పువ్వు కోసం ఇప్పుడు ఇదివరకటికంటే చాలా దూరం వెళ్లాల్సి వస్తోందట. చేలల్లో కలుపు మందులు పెరిగాక గట్ల మీద కూడా తగ్గిందని వాళ్ల అమ్మ అంటారట. పండుగ పూవు కూడా ఎవరి చేనులోనో కలుపే కదా. తుంగను వదలకపోవడానికి కారణం అది కలుపు అని కాదు. పక్కవాటిని బతకనివ్వదని.

కొత్తగా మడి చేసుకునేవాళ్లు ఒక పని చేయండి. మట్టి తోలించే ముందు ఒక బకెట్టు మట్టి తెచ్చి, తడిపి, ఎండ తగిలే చోట రెండు వారాలు ఉంచండి. నిగనిగలాడే సూదిమొనలు లేస్తే ఆ మట్టి వద్దని చెప్పండి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క కవరులో కూడా ఒకసారి చూసుకోండి. మొదలు చుట్టూ మట్టి కాస్త వదులు చేస్తే గడ్డ ఉంటే తెలుస్తుంది. మేము ఆ రెండు వారాలు ఆగి ఉంటే నాలుగేళ్లు మిగిలేవి.

మేడ మీద ఎండిన ఆ గడ్డల్లో మంచివి మా అత్తగారు ఏరి పెట్టుకున్నారు. తుంగముస్తలని ఆయుర్వేద కొట్లో అమ్మేవి ఇవే. ఆవిడ వాటిని కడిగి, మళ్లీ ఎండబెట్టి, పైనున్న వెంట్రుకల్లాంటి పీచు కాల్చి, పెసలు, కచ్చూరాలతో కలిపి సున్నిపిండి పట్టించారు. గడ్డను రోట్లో వేసి ఒక్క దెబ్బ వేస్తే వచ్చే వాసన కర్పూరానికి, తడి మట్టికి మధ్యన ఉంటుంది. మనవరాలికి పండగ రోజు తలంటు పోసేటప్పుడు ఆ వాసన ఇల్లంతా ఉంటుంది.

ఈ ఆదివారం పొద్దున మడిలో కూర్చుంటే పదకొండు మొలకలు దొరికాయి, ఏడింటికి గడ్డ కూడా వచ్చింది. మిగతా నాలుగు ఎక్కడ తెగాయో ఆ చోట్ల పుల్లలు గుచ్చి వచ్చాను. వచ్చే శుక్రవారానికి అక్కడ మళ్లీ లేస్తాయి.